మూడు వందల నాలుగో పేజీ

జూన్ 3

జిగురూ,

అత్త ఆశీస్సులు. గోళ్ళ సందుల్లో ప్లాస్టరుతోనే రాస్తున్నాను, కాగితం మీద తెల్లటి వేలిముద్రలు పడితే ఏమీ అనుకోకు.

‘నీడలేని దొర’ వరసలో ఏడో నవల మొన్న అందింది. మీ లైబ్రరీలో పీలికలై పడి ఉన్న ప్రతిని విప్పి, మళ్ళీ కుట్టి, కొత్త అట్ట వేసి పంపానని రాశావు కదా, చదవడానికి ముందు దాని వెన్ను మీద చెయ్యి వేసి చూశాను. నిటారుగా ఉంది. బైండింగు పని నేర్చుకుంటానని నువ్వన్న రోజు మీ నాన్న నెత్తీ నోరూ కొట్టుకున్నాడు, గుర్తుందా? అప్పుడు నీ పక్షాన మాట్లాడింది నేనొక్కదాన్నే. ఊరికే గుర్తు చేస్తున్నాను, తర్వాత పనికొస్తుంది.

రెండు రోజుల్లో చదివేశాను. వెనక అట్ట జేబులో పెట్టడానికి నా అభిప్రాయం ఇదిగో. నా చీటీ లేకపోతే ఆ నవలలు ఎవరూ పట్టుకెళ్ళడం లేదని మీ లైబ్రేరియన్ గారు అన్నారట కదా, అందుకని ఈసారి కాస్త ఎక్కువే రాస్తాను.

మొదట పళ్ళ సంగతి. ఏడు నవలలుగా మొత్తుకుంటున్నాను, ఆ రచయిత్రి చెవికెక్కడం లేదు. మనుషుల రక్తం తాగే మన కోరల దొర వయసు నాలుగు వందల ఏళ్ళు. అన్నేళ్ళు కొరికిన కోరలు పిసరంత కూడా అరగవా? ముప్పై ఏళ్ళుగా కట్టుడు పళ్ళు చేస్తున్నాను, యాభై ఏళ్ళ మనిషి నోట్లోనే కోరపన్ను మొన ఎంత మొద్దుబారుతుందో నాకు తెలుసు. పైగా అంత పొడుగు కోరలుంటే పెదవులు కలవవు. పెదవులు కలవని మనిషి ‘ప్రేమ’ అని ఎలా అంటాడు? నూట పన్నెండో పేజీలో నాలుగుసార్లు అన్నాడు.

ఇక ఆ అద్దకం పని చేసే పిల్ల. పిల్ల అనకూడదు, నలభై దాటింది. దొర ఆమెను తన లోకానికి రమ్మంటాడు. వెళితే చావు లేదు, ముసలితనం లేదు, పగటి వెలుగు కూడా లేదు. ఆమె చూస్తే, గుడ్డకు ఎక్కిన రంగు ఎండలో పట్టి చూస్తేగానీ చెప్పలేని మనిషి. ఆరు నవలలు ‘వస్తాను, రాను’ అని మనల్ని ఊరించి, ఈ ఏడో దాంట్లో అతను గుమ్మం బయట నిలబడి బతిమాలుతుంటే (రమ్మని పిలవందే గుమ్మం దాటలేడు కదా, పాపం) తలుపు మూసి గడియ పెట్టింది. అంతే, నవల అయిపోయింది. ఉపన్యాసం లేదు, ఏడుపు లేదు. ఈ రచయిత్రికి ఇంత దమ్ముందని నేననుకోలేదు. చేతిలో మైనం ముద్ద ఉందని కూడా చూసుకోకుండా చప్పట్లు కొట్టాను.

ఇంటి విషయాలు. పై సెట్టు పళ్ళు కట్టించుకున్న రిటైర్డు స్టేషన్ మాస్టరు గారి గురించి మీ నాన్న ఈపాటికి చెప్పే ఉంటాడు. సెట్టు నాలుగు నెలల కిందటే సరిపోయింది. అయినా ఏదో ఒకటి సరిచేయమంటూ వారం వారం వస్తూనే ఉన్నారు. పోయిన వారం పెళ్ళి మాట ఎత్తారు. భార్య పోయి ఆరేళ్ళయిందట, మంచి మనిషి. వేరే ఊళ్ళో, కొండ మీద ఎక్కడో సొంత ఇల్లు. “మా ఇంట్లో మీకు ఏ పనీ ఉండదండీ. ఈ మైనం, ప్లాస్టరు అన్నీ వదిలేసి హాయిగా ఉండొచ్చు” అన్నారు. ఆ మాటకే మీ నాన్న పొంగిపోయి, నా పనిగది ఖాళీ చేస్తున్నట్టు అద్దెకిచ్చిన ఇంటాయనకు ఇచ్చే కాగితం టైపు చేయించి మరీ తెచ్చాడు. నెలాఖరులోగా సంతకం పెట్టాలట. ఉత్తరం వైపు కిటికీ ఉన్న గది ఈ వీధిలో ఇంకోటి లేదు జిగురూ. పంటి రంగు పోల్చాలంటే ఆ వెలుగే కావాలి, ట్యూబులైటు కింద అందరి పళ్ళూ ఒకేలా కనిపిస్తాయి.

కాగితం సొరుగులో పడేశాను.

మీ అత్త


జూన్ 9

అత్తా,

నమస్కారాలు. నీ ఉత్తరం జిగురు చేతులతో విప్పాను, రెండు కాగితాలు అతుక్కుపోయాయి. మనిద్దరి ఉత్తరాలూ ఎవరికైనా దొరికితే మనం చదువుకున్నవాళ్ళమని నమ్మరు.

పళ్ళ గురించి రాసింది చదివి లైబ్రేరియన్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకునేంత నవ్వారు. ఆ భాగం జేబులో పెట్టేశాను. రెండో భాగం మాత్రం పెట్టలేను. నువ్వు చదివింది ఏ నవల అత్తా? ఆమె తలుపు మూయడం నిజమే, తర్వాత తీస్తుంది కదా! దొర చెయ్యి పట్టుకుని వెళ్ళిపోతుంది. చివరంతా అదే. మా దగ్గర రెండో ప్రతి ఉంది, నాకే అనుమానం వచ్చి నిన్న భోజనాల వేళ మళ్ళీ తిరగేశాను. చదివి ఏడ్చాను కూడా. నీకు నచ్చక ఆ భాగం వదిలేశావా, లేకపోతే నన్ను ఆట పట్టిస్తున్నావా?

స్టేషన్ మాస్టరు గారి విషయంలో, కోప్పడకు, నేను నాన్న వైపే. పోయిన చలికాలం నీకు జ్వరం వచ్చి మూడు రోజులు తలుపు తీయకపోతే, పక్కింటివాళ్ళు కబురు చేసేదాకా మాకెవరికీ తెలియలేదు. ఆ మూడు రోజులూ నేనిక్కడ ఎవరివో నిఘంటువులు కుట్టుకుంటూ, రేడియో వింటూ కూర్చున్నాను. అది తలచుకుంటే ఇప్పటికీ నా చేతిలో సూదికి దారం ఎక్కదు. నువ్వు ఒంటరిగా ఉండటం నాకు భయం. ఆయన నీకు నచ్చారని నీ ఉత్తరంలోనే తెలుస్తోంది, వారం వారం వస్తున్నారని ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

నవలలో ఆమె తలుపు తీసింది. నువ్వూ తీయొచ్చు కదా అత్తా?

నీ జిగురు


జూన్ 14

జిగురుకు,

ఈ ఉత్తరం మీ నాన్న పక్కన కూర్చుని చెబుతుంటే రాశావా, లేక ఆయన చిత్తు రాసిస్తే నువ్వు సాపు చేశావా?

తలుపు తీస్తుందట! చెయ్యి పట్టుకుని వెళ్ళిపోతుందట! నా చేతిలో ఉన్న పుస్తకంలో అలాంటిదేమీ లేదు. నన్ను ఒక దారికి తేవడానికి నవల ముగింపు కూడా మార్చేస్తారని నేను కలలో కూడా అనుకోలేదు. నాకే చెవిలో పువ్వు పెడతావా? నీకు అక్షరాలు దిద్దించింది నేను. మనం తతిమ్మా ఏ విషయంలో అయినా అబద్ధం ఆడుకున్నాం, ఆడుకుంటాం. పుస్తకం దగ్గర ఎప్పుడూ ఆడుకోలేదు. అందుకే ఇంత మండింది.

నిన్న స్టేషన్ మాస్టరు గారు వచ్చారు. వాన పడుతోంది. లోపలికి రమ్మంటే చెప్పులకు బురద అని గుమ్మంలోనే నిలబడ్డారు. చెప్పేశాను. “మీరంటే నాకు ఇష్టమేనండీ. మీరొచ్చిన రోజు పొద్దు ఎలా పోయిందో తెలియదు. కానీ ఈ బల్ల వదిలి నేను రాను” అన్నాను. ఆయన “అలాగేనండీ” అని తల ఊపి, గొడుగు ఇక్కడే మర్చిపోయి వానలో వెళ్ళిపోయారు. నాకు సంతోషంగా ఏమీ లేదు. ఆ సాయంత్రం రెండు అచ్చులు పాడుచేశాను.

టైపు చేయించిన కాగితం నాలుగు ముక్కలు చేసి మీ నాన్నకు పోస్టులో పంపాను. కవరు మీద స్టాంపు సరిగ్గానే అంటించాను, ఆ విషయంలో నన్ను తప్పు పట్టలేడు.

జ్వరం గురించి రాశావు. నాలుగో రోజు నేను ఎందుకు లేచానో నీకు ఎవరూ చెప్పి ఉండరు. ఒక ముసలమ్మకు ఆ రోజు పళ్ళు ఇస్తానని మాటిచ్చాను. నోరు తెరిచి నవ్వుతూ మనవరాలితో ఫోటో దిగాలని ఆమె కోరిక. కళ్ళు తిరుగుతుంటే గోడ పట్టుకుని నడిచి, పంటి బిగువున కూర్చుని ముగించాను. ఆమె ఫోటో నా గోడ మీద ఉంది. నన్ను లేపింది మీరెవరూ కాదు, ఆ పని. అది తీసేసి నన్ను హాయిగా ఉండమంటున్నారు.

ఇంతకంటే రాయడానికి ఓపిక లేదు.

అత్త


జూన్ 19

అత్తా,

నాన్న చెబితే రాసే దాన్ని కాను, నీకు తెలుసు. ఒట్టు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. కోపం రాలేదు, భయం వేసింది. పదహారు పేజీల ముగింపు కళ్ళ ముందు అచ్చయి ఉంటే లేదంటున్నావు. చదివి మర్చిపోయావేమో. యాభై నాలుగేళ్ళకే అలా జరగొచ్చని మా లైబ్రేరియన్ గారు వాళ్ళ అక్కగారి గురించి చెప్పారు. ముందు కళ్ళు, తర్వాత జ్ఞాపకం.

అందుకే నాన్నకు ఫోను చేశాను. ఆయన నాలుగు ముక్కల కాగితం చేతిలో పట్టుకుని, “మీ అత్తకు మతి పోయిందని నేను ముందే అన్నాను” అన్నాడు. నేను ఆ అర్థంలో చెప్పలేదు, కానీ ఆయన అలాగే తీసుకున్నాడు. రేపో ఎల్లుండో వస్తాడు. దయచేసి డాక్టరుకు చూపించుకో. నన్ను ఎన్ని తిట్టినా పడతాను.

జిగురు


జూన్ 24

జిగురూ,

వచ్చాడు మీ నాన్న. డాక్టరమ్మను వెంటపెట్టుకుని మరీ వచ్చాడు. నేను బల్ల దగ్గర ఎవరిదో దవడ అచ్చుకు మైనం వేస్తుంటే ఇద్దరూ గుమ్మంలో నిలబడి, నిప్పు దగ్గరున్న పసిపిల్లను చూసినట్టు చూశారు.

డాక్టరమ్మ చాలా మర్యాదగా ఈరోజు తేదీ ఎంత అని అడిగింది. చెప్పాను. వంద నుంచి ఏడేసి తీసేస్తూ లెక్కపెట్టమంది. రెండుకు వచ్చేదాకా పెట్టాను. మూడు మాటలు చెప్పి, కాసేపయ్యాక మళ్ళీ చెప్పమంది. అవి చెప్పి, తోడుగా ఆమెకు ఇంకో మాట చెప్పాను: “అమ్మా, మీరు మాట్లాడుతుంటే చూశాను, కింద ఎడమవైపు జ్ఞానదంతం అడ్డంగా వస్తోంది, త్వరలో బాధపెడుతుంది.” ఆమె దవడ పట్టుకుని, “మీకెలా తెలిసింది, నిన్నటి నుంచి పోటు పెడుతోంది” అంది. పోతూ పోతూ మీ నాన్నతో, “ఆవిడ తల బంగారంలా ఉందండీ, మీకు రక్తపోటు చూడాలి” అని చెప్పింది. పోనీలే, నా తమ్ముడే కదా అని నీళ్ళిచ్చి పంపాను.

ఇప్పుడు నీ వంతు. పుస్తకం నా ముందు తెరిచి ఉంది. చివరి పేజీ అంకె మూడు వందల నాలుగు. ఆఖరి వాక్యం చూసి రాస్తున్నాను: “ఆమె తలుపు మూసి గడియ పెట్టింది.” దాని తర్వాత నువ్వు అతికించిన తెల్ల కాగితం, ఆ తర్వాత నువ్వు వేసిన అట్ట. అంతకుమించి ఏమీ లేదు. పుస్తకాలు కుట్టేదానివి, పేజీలు లెక్కపెట్టడం వచ్చు కదా? నీ రెండో ప్రతిలో ఎన్ని ఉన్నాయో చూసి, ఎవరికి మతి పోయిందో నువ్వే రాయి.

అత్త


జూన్ 28

అత్తా,

ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు.

మూడు వందల ఇరవై. రెండో ప్రతిలో మూడు వందల ఇరవై పేజీలున్నాయి. పుస్తకం పదహారేసి పేజీల మడతలుగా ఉంటుంది, ఈ నవలకు ఇరవై మడతలు. నీ ప్రతి విప్పినప్పుడు చివరి మడతలో ఒక పేజీ అడ్డంగా చిరిగి ఉంది. పల్చటి కాగితం అతికించి, ఆరడానికి రెండు పలకల మధ్య పెట్టి, పైన ఇనుప బరువు పెట్టాను. మిగతా పంతొమ్మిదీ కుట్టి, అట్ట వేసి, పంపేశాను. కుట్టేముందు మడతలు లెక్కపెట్టడం మా పనిలో మొదటి పాఠం. లెక్కపెట్టలేదు. నీకు తొందరగా పంపాలన్న ఆత్రంలో పడ్డాను.

నీ ఉత్తరం చదివి, బరువు ఎత్తి చూశాను. అక్కడే ఉంది. చక్కగా ఆరింది.

అబద్ధం నువ్వు ఆడలేదు, నేనూ ఆడలేదు. కానీ నీకు మతిమరుపు అంటగట్టాను. డాక్టరును ఇంటి మీదికి పంపాను. అన్నిటికంటే ఘోరం, నా పొరపాటు వల్ల నువ్వు సగం ముగింపు చదివి, అదే నమ్మి, ఒక మంచి మనిషిని వానలోకి పంపేశావు. ఆమె వెళ్ళిందని తెలిసి ఉంటే నువ్వు కూడా ఇంకోలా అనేదానివేమో. నా చేతులు నరుక్కోవాలనిపిస్తోంది.

ఆ పదహారు పేజీలు ఈ కవరులో పెట్టాను. దారం, సూది కూడా ఉన్నాయి. నాన్న ఇంటాయనతో మాట్లాడాడు, ఇంకో వారం ఆగుతానన్నాడట. చదివి, నిదానంగా ఆలోచించు. స్టేషన్ మాస్టరు గారికి ఉత్తరం రాయాలంటే నేనే రాస్తాను, తప్పు నాదని చెబుతాను.

నీ పనికిమాలిన జిగురు


జూలై 4

జిగురూ, నా తల్లీ,

ముందు నీ చేతుల జోలికి వెళ్ళకు. పుస్తకాలు కుట్టే చేతులు. నేను మొదటి ఏడాది ఒక పెద్దాయనకు కింది సెట్టు బదులు ఇంకొకరి సెట్టు ఇచ్చి పంపాను. ఆయన నెల రోజులు దాంతోనే తిని, మర్యాదకు నోరు మెదపలేదు. పని చేసేవాళ్ళకే పొరపాట్లు జరుగుతాయి. నిన్ను నేను అబద్ధాలకోరువి అన్నాను, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. తల నిమిరాననుకో.

పదహారు పేజీలూ చదివాను. నిజమే, మూడు వందల అయిదో పేజీ “మూడు అంకెలు లెక్కపెట్టి, మళ్ళీ తీసింది” అని మొదలవుతుంది. చదువుతూ నేనూ ఏడ్చాను, దాచుకోవడం ఎందుకు? ఆ రచయిత్రికి ఏడిపించడం వచ్చు. తర్వాత మొహం కడుక్కుని వచ్చి, కిటికీ దగ్గర కూర్చుని, పెన్సిలు పట్టుకుని మళ్ళీ చదివాను.

ఈ సంగతి నువ్వు గమనించావా? మూడు వందల నాలుగు పేజీల్లో ఆమె చేతుల గురించి ముప్పై ఎనిమిది సార్లు ఉంది. గోళ్ళలో నీలిమందు, మోచేతి దాకా పసుపు, మణికట్టు మీద పడ్డ ఎరుపు చుక్క. ఆ పదహారు పేజీల్లో చేతుల మాట ఒక్కసారే వస్తుంది, అది కూడా దొర పట్టుకోవడానికి. అద్దకం తొట్లు ఎవరు చూసుకుంటారో లేదు. నానబెట్టి వచ్చిన గుడ్డ ఏమైందో లేదు. “ఇక రంగులతో ఆమెకు పని లేదు” అని సంతోషంగా రాసేసి, చివర పువ్వు బొమ్మ వేసింది. ఆ వాక్యం దగ్గర నాకు ఒళ్ళు మండిపోయింది. మూడు వందల పేజీలు ఒక మనిషిని తయారుచేసి, పదహారు పేజీల్లో ఆ మనిషిని తీసేసి, దానికి ప్రేమ అని పేరు పెడితే నేను ఒప్పుకోను. ఏడు నవలలు చదివిన దాన్ని, ఒప్పుకోనని చెప్పే హక్కు నాకుంది.

నీ భయానికి జవాబు. నీ పొరపాటు వల్ల నేను ఆయన్ను కాదనలేదు. కాగితం సొరుగులో పడేసింది నవల ముగించాకేలే, కానీ ఆయన “ఏ పనీ ఉండదు” అన్న క్షణమే నా లోపల గడియ పడింది. చెప్పడానికి నోరు రాలేదు, అంతే. ఆ పుస్తకం నాకు దారేమీ చూపించలేదు. నాకు అడ్డం రాకుండా ఒకచోట ఆగింది. పూర్తి ప్రతి వచ్చి ఉంటే, ఏడ్చి, ముక్కు చీది, అదే మాట ఇంకో నాలుగు రోజులు ఆలస్యంగా చెప్పేదాన్ని.

ఇంటాయన దగ్గరికి నేనే వెళ్ళాను. నేను గది ఖాళీ చేయడం లేదని, ఇకమీదట నా గది సంగతి నాతోనే మాట్లాడాలని చెప్పి వచ్చాను. మీ నాన్నకు కూడా అదే రాశాను. మూడు వాక్యాల ఉత్తరం, అందులో ఒకటి రక్తపోటు గురించి.

జ్వరం విషయంలో మాత్రం నీదే న్యాయం. పక్కింటావిడకు నా తాళంచెవి ఇంకొకటి ఇచ్చాను. పొద్దున పదింటికల్లా నా కిటికీ తెరుచుకోకపోతే లోపలికి వచ్చేయమన్నాను. నువ్వు సూదికి దారం ఎక్కించుకోవచ్చు.

ఇంకో కబురు. మొన్న స్టేషన్ మాస్టరు గారు గొడుగు కోసం వచ్చారు, ఫెళఫెళలాడే ఎండలో. కింది చిగురు వాచిందట. లోపలికి రమ్మన్నాను, ఈసారి వచ్చారు. పై సెట్టు తీసి గిన్నెలో పెట్టించి నోరు చూస్తుంటే, సగం బోసినోటితో అడిగారు, “నేనే ఈ ఊరు వచ్చేస్తే?” అని. ఏడు నవలల్లో ఆ దొరకు ఈ మాట తోచలేదు చూశావా! నేను వెంటనే కరిగిపోలేదులే. “ముందు వాపు తగ్గనివ్వండి, అచ్చు తీయాలి. తర్వాత చూద్దాం” అన్నాను. సరేనన్నారు. గొడుగు మళ్ళీ మర్చిపోయారు.

సూది, దారం తిప్పి పంపుతున్నాను. పుస్తకం కూడా పంపుతున్నాను, అలాగే ఉంచు. ఆ పదహారు పేజీలు మాత్రం పంపను. బల్ల మీద పరిచి ప్లాస్టరు కలుపుకుంటున్నాను, మంచి మందపాటి కాగితం. లైబ్రరీ సొత్తు అంటే నోటీసు పంపించమను, సంతకం పెట్టి తీసుకుంటాను.

ఈ చీటీ జేబులో దాచకుండా, వెనక అట్ట మీద నీ జిగురుతో గట్టిగా అంటించు:

“ఏడో నవల, మొదటి ప్రతి. ఈ ప్రతి మూడు వందల నాలుగో పేజీతో ముగుస్తుంది. మొదట అది బైండరు పొరపాటు, ఇప్పుడు పాఠకురాలి నిర్ణయం. మిగతా పేజీలు కావాలన్నవాళ్ళు రెండో ప్రతి తీసుకుని హాయిగా ఏడవండి, నేనూ ఏడ్చాను. దొర కోరలు ఇప్పటికీ తప్పే. తలుపు మూసుకుని ఆమె లోపల ఏం చేస్తోందని అడిగేవాళ్ళకు: పని చేసుకుంటోంది.”

మీ అత్త